మత్తయి గారి కొత్త పంచె

శ్రీరామచంద్ర ఆ రోజు తెల్లవారుజామున తాడేపల్లిగూడెంలో రైలెక్కిన దగ్గర్నుంచీ భయపడుతూనే ఉన్నాడు. అయితే అతను భయపడిన వాటిలో పంచె సంగతి మాత్రం లేదు.

అతనికి ఇరవై నాలుగేళ్ళు. తండ్రి మల్లికార్జునశర్మ గారు గూడెంలో ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు చేయిస్తున్న పురోహితుడు. ఆయన పక్కన కూర్చుని మంత్రం అందించడం, హోమానికి సమిధలు సర్దడం, వ్రతాలూ గృహప్రవేశాలూ సొంతంగా చేయించడం శ్రీరామచంద్రకి అలవాటే. పెళ్ళి మాత్రం ఎప్పుడూ ఒక్కడే చేయించలేదు. ఆ మాఘమాసంలో వరసగా పదకొండు పెళ్ళిళ్ళు చేయించేసరికి తండ్రి గొంతు పూర్తిగా పోయింది. పది రోజులు నోరు విప్పడానికి వీల్లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కలిదిండి దగ్గర వీర్రాజు గారనే చేపల చెరువుల ఆసామి కూతురు హర్షిణి పెళ్ళి ఆ పది రోజుల్లోనే పడింది.

"నువ్వు వెళ్ళు" అని శర్మ గారు ఫోనులో టైపు చేసి కొడుక్కి చూపించారు. దాని కిందే ఇంకా రాశారు. "ముహూర్తం పది గంటల యాభై రెండు నిమిషాలు. తొమ్మిదిన్నరకి గౌరీపూజ మొదలవ్వాలి. తడబడితే ఆగు. పుస్తకం చూడటానికి సిగ్గుపడకు. ఆలస్యం మాత్రం చెయ్యకు."

ఆలస్యం. ఆ మాటే రైల్లో చెవిలో మోగుతూ ఉంది. ఏలూరులో దిగి కైకలూరు బస్సెక్కాక కూడా అదే. బస్సు కొల్లేరు మీదుగా పోతుంటే కిటికీ పక్క వాళ్ళు గూడబాతుల్ని చూసి ఫొటోలు తీసుకుంటున్నారు. అతను కళ్ళు మూసుకుని మహాసంకల్పం మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు మననం చేశాడు. మూడుసార్లూ ఒకేచోట తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

కైకలూరు బస్టాండులో అతని కోసం ఒక కారూ ఒక మనిషీ సిద్ధంగా ఉన్నారు. కారులో సన్నాయి మేళం వాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ఆ మనిషి పేరు ఏడుకొండలు, పెళ్ళికూతురికి వరసకి మేనమామ. యాభై దాటి ఉంటాయి. పది మందికి వినపడేలా తప్ప మాట్లాడటం ఆయనకి చేతకాదు.

"రండి పంతులుగారూ! కారులో డోలు కూచుంది, మనకి చోటు లేదు. సంచి అందులో పడెయ్యండి. మనం బండి మీద గాలి పీల్చుకుంటూ అరగంటలో పోదాం."

సంచిలో పట్టుపంచె ఉంది, కండువా ఉంది, నాన్నగారి పుస్తకం ఉంది. దాన్ని వదలడానికి శ్రీరామచంద్రకి మనసొప్పలేదు. "సంచి నా ఒళ్ళో పెట్టుకుంటానండి" అనేలోపే ఏడుకొండలు దాన్ని కారు డిక్కీలో పెట్టించేశాడు. కారు వెళ్ళిపోయింది. టైము ఎనిమిది దాటింది.

బండి పాతది. చైనుకి కవరు లేదు. ఏదో రిపేరుకి తీసి మళ్ళీ బిగించలేదట. శ్రీరామచంద్ర అది చూశాడు కూడా. చూశాడు గానీ, అతని బుర్ర నిండా మహాసంకల్పమే ఉంది. వెనకాల ఎక్కి రెండు పక్కలా కాళ్ళు వేసుకుని కూర్చున్నాడు.

ఊరు దాటాక రోడ్డుకి అటూ ఇటూ చెరువులే. గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళని చిలుకుతున్నాయి. ఏడుకొండలు పెళ్ళివారి సంగతులన్నీ వెనక్కి తిరిగి తిరిగి చెబుతున్నాడు. "అలాగాండి, అలాగాండి" అంటూ శ్రీరామచంద్ర సెల్లులో టైము చూసుకుంటున్నాడు. ఎనిమిదీ ఇరవై రెండు.

మొదట ఎవరో కింద నుంచి బట్ట పట్టుకుని లాగినట్టయింది. ఏమిటా అని వంగేలోపే కుచ్చిళ్ళు చైనులోకి పోయాయి. "ఆపండి! ఆపండి!" అని అరిచాడు. చక్రం ఒక్క ఊపున పంచెనంతా లోపలికి గుంజుకుంది. బండి గిర్రున తిరిగి గట్టు వారకి ఒరిగింది. శ్రీరామచంద్ర గడ్డిలో బోర్లా పడ్డాడు.

లేచి చూసుకుంటే దెబ్బలేం తగల్లేదు. ఒంటి మీద చొక్కా ఉంది. లోపల జంధ్యం ఉంది. మోకాళ్ళ పైదాకా నీలం గళ్ళ డ్రాయరు ఉంది. పంచె లేదు. ఎర్ర అంచు తెల్ల పంచె నల్లటి గ్రీజు పట్టి, చక్రానికి తాడులా చుట్టుకుపోయి ఉంది.

"అయ్యయ్యో! దెబ్బ తగిలిందాండీ?" అంటూ ఏడుకొండలు పరిగెత్తుకొచ్చాడు. తర్వాత డ్రాయరు చూశాడు. నోరు మూసుకుని, ఆకాశం వైపు తిరిగి, "ఇప్పుడేం చేద్దావండీ?" అన్నాడు.

శ్రీరామచంద్ర చొక్కా విప్పి నడుముకి కట్టుకున్నాడు. ముందు కప్పితే వెనక కనపడుతోంది. వెనక కప్పితే ముందు. దాక్కోవడానికి చెట్టు లేదు, గోడ లేదు, పొద కూడా లేదు. చదునైన రోడ్డు, చదునైన నీళ్ళు.

"పెళ్ళింటికి ఫోన్ చేసి కారు వెనక్కి పంపమంటాను, ఉండండి" అని ఏడుకొండలు ఫోన్ తీశాడు.

"ఏం చెబుతారండీ?"

"ఉన్నదే చెబుతాను. పంతులుగారి పంచె ఊడి…"

"వద్దండీ! మీకు పుణ్యముంటుంది, ఆ మాట మాత్రం చెప్పకండి." పందిట్లో మూడు వందల మంది ఉంటారు. పీటల మీద తను మంత్రం చదువుతున్నంతసేపూ వాళ్ళ కళ్ళ ముందు ఈ గళ్ళ డ్రాయరే ఆడుతుంది. ఆ పైన గూడెం దాకా పాకుతుంది. శర్మగారబ్బాయా, ఆ పంచె ఊడినాయనేనా? అంటారు. జీవితాంతం అదే పేరు.

ఏడుకొండలు ఫోన్ చేశాడు. అవతల మేళం హోరులో ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

అప్పుడే కైకలూరు వైపు నుంచి ఆటో ఒకటి వచ్చింది. రొయ్యల షెడ్డుకి పనికి వెళ్తున్న ఆడవాళ్ళు అందులో పది మంది దాకా ఉన్నారు. పడిపోయిన బండిని చూసి ఆటో నెమ్మదించింది. ముందు ఒకామె "అయ్యో పాపం" అంది. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. వెనక సీట్లో ఉన్న పిల్ల ఒకతి చేయి బయటికి చాపింది. చేతిలో ఫోను ఉంది.

శ్రీరామచంద్ర రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నడుముకి కట్టిన చొక్కా జారింది. మొహం దాచుకోవాలో నడుం దాచుకోవాలో తెలియలేదు.

"ఏయ్! ఫోను దించవే! నీ ఇంట్లో మగోళ్ళు లేరేంటే?"

ఆ కేక చెరువు గట్టు మీంచి వచ్చింది. నలభై అయిదు, యాభై ఏళ్ళ ఆవిడ నీలం టార్పాలిన్ బరకం రెండు చేతులా తెరలా చాపి పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ రోడ్డు మీదకి వస్తోంది. వీపు శ్రీరామచంద్ర వైపు, మొహం ఆటో వైపు. అతనికీ ఆటోకీ మధ్యకి వచ్చి నిలబడింది.

"పోనియ్యవయ్యా ఆటో! పడిపోయిన మనిషిని చూసి నవ్వుతారా? మేస్త్రీకి చెప్తాను, ఉండండి."

ఆటో వెళ్ళిపోయింది. ఆవిడ అటే చూస్తూ బరకాన్ని వెనక్కి అందించింది. "చుట్టుకోండి బాబుగారూ. నేను ఇటు తిరగను. చుట్టుకున్నాక చెప్పండి."

బరకం చేపల మేత వాసన కొడుతోంది. శ్రీరామచంద్ర చంకల దగ్గర్నుంచి పాదాల దాకా చుట్టుకున్నాడు. "అయిందమ్మా" అన్నట్టు చిన్నగా దగ్గాడు. ఆవిడకి అర్థమైంది.

ఆవిడ పేరు దానమ్మ. భర్త మత్తయి ఆ చెరువుకి కాపలా. గట్టు మీద రేకుల ఇల్లు వాళ్ళది. మత్తయి అప్పటికే కత్తి తీసుకుని బండి దగ్గరికి వచ్చేశాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎక్కువ మాట్లాడడు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని చూసి, "కొయ్యాలండి" అన్నాడు.

"కోసేయండి" అన్నాడు శ్రీరామచంద్ర. టైము ఎనిమిదీ ముప్పై అయిదు.

దానమ్మ అతన్ని ఇంటికి తీసుకెళ్ళి వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసింది. బరకంతో కూర్చోవడం కుదరక అతను నిలబడే ఉన్నాడు.

"అమ్మా, లుంగీ ఏదన్నా ఉంటే ఇప్పిస్తారా? తొమ్మిదిన్నరకి నేను పెళ్ళి పీటల దగ్గర ఉండాలి. అక్కడ నా సంచిలో పంచె ఉంది. వెళ్ళగానే మార్చుకుని మీ లుంగీ పంపించేస్తాను."

"పెళ్ళి చేయించే పంతులుగారు లుంగీలో దిగితే జనం ఊరుకుంటారాండీ? ఎందుకు, ఏంటని వంద ప్రశ్నలు వేస్తారు." ఆవిడ లోపలికి వెళ్ళింది. పెట్టె తీసిన చప్పుడైంది. లోపల ఎవరో అమ్మాయి, "అమ్మా, అది నాన్నది" అంది. "తెలుసులేవే" అంది దానమ్మ. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో పంచెల చాపు ఉంది, పంచె మీదకి కండువా కూడా. సన్నటి జరీ అంచు. కొట్లో అంటించిన చీటీ కూడా ఊడలేదు.

"మా క్రిస్టినా పెళ్ళి శనివారవండి, చర్చిలో. ఆయన కట్టుకోడానికి తెచ్చాం. ఎవరూ కట్టలేదు, మడతైనా విప్పలేదు."

"వద్దమ్మా! మీ అమ్మాయి పెళ్ళికి తెచ్చుకున్నది…" అతను చేయి చాపలేదు. చాపకపోవడానికి కారణం అదొక్కటే కాదు. అది అతనికీ తెలుసు. అతను కట్టుకోవాల్సింది మడి బట్ట. ఎవరి ఇంట్లోంచి ఏ బట్ట తీసుకుని ఏ పీట దగ్గర కూర్చుంటున్నాడో నాన్నగారికి తెలిస్తే? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆలోచన పోలేదు.

దానమ్మ అతని చేతి వైపు ఒక్క క్షణం చూసింది. కోపం తెచ్చుకోలేదు. మంచినీళ్ళ టిన్ను, తోమిన బిందె ఒకటి తెచ్చి వసారా చివర పెట్టింది.

"చెరువు నీళ్ళు పనికిరావు. ఇవి తాగే నీళ్ళు. తడుపుకుని కట్టుకోండి, మడి అవుతుంది కదండీ?"

శ్రీరామచంద్ర తెల్లబోయి చూశాడు. "మీకెలా తెలుసమ్మా?"

"మా అమ్మ కైకలూరులో ఒక పంతులుగారింట్లో గిన్నెలు తోమేదండి. నేను చిన్నప్పుడు కూడా వెళ్ళేదాన్ని. ఆయన తడి పంచె కట్టుకుని పూజకి పోయేవారు. మేం పెరట్లోనే ఉండేవాళ్ళం, వసారా దాటేవాళ్ళం కాదు. చెడ్డోళ్ళేం కాదండీ. వాళ్ళ పద్ధతి అంతే." కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "నీళ్ళు నేను పొయ్యనా, మీరు పోసుకుంటారా?"

అతనికి చెవుల దాకా వేడెక్కింది. రోడ్డు మీద అంత మంది నవ్వినప్పుడు వేసిన సిగ్గు కాదు ఇది. "మీరే పొయ్యండమ్మా" అన్నాడు.

ఆవిడ టిన్ను వంచింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు సగం పైగా పంచె మీద పడ్డాయి. అతను పిండుకుని, తలుపు చాటుకి వెళ్ళి గోచీ పోసి కట్టుకున్నాడు. ఒంటికి చల్లగా తగిలింది. చొక్కా మీద గ్రీజు ఉంది కనుక దాన్ని వదిలేసి కొత్త కండువా కప్పుకున్నాడు.

ఈలోగా మత్తయి చక్రంలోంచి పంచెని పీలికలు కాకుండా జాగ్రత్తగా కోసి తీసి, ఊడిన చైను ఎక్కించాడు. "ఇటు రండి బాబూ" అని పంచె చెంగు కాలి పక్కన బిగించి పిన్నీసు పెట్టాడు.

"ఈసారి ఒక పక్కకి కూచోండి బాబుగారూ, మా ఆడోళ్ళలాగా" అంది దానమ్మ. ఆ పొద్దున మొదటిసారి శ్రీరామచంద్రకి నవ్వొచ్చింది. వెంటనే ఆటో గుర్తొచ్చి ఆగిపోయింది.

"అమ్మా, ఆ అమ్మాయి వీడియో తీసిందంటారా?"

"తీసుంటే తీసుంటది. మీరు పెళ్ళి సంగతి చూడండి."

*

తొమ్మిదీ పదిహేనుకి బండి పెళ్ళింటి ముందు ఆగింది. దారంతా శ్రీరామచంద్ర ఏడుకొండలుని ఒక్కటే బతిమాలాడు. "ఎవరితోనూ అనరు కదండీ?" ఆయన "అబ్బే" అన్నాడు. అంత గొంతున్న మనిషి మాట దాచుకోగలడని అతనికి నమ్మకం కలగలేదు.

సంచి ఒక గదిలో జాగ్రత్తగా పెట్టి ఉంది. పెళ్ళికూతురి తండ్రి వీర్రాజు గారు వెంట వచ్చి, "తడి పంచెతో వచ్చారేంటండీ? దారిలో స్నానం చేశారా?" అని అడిగారు. "అవునండి" అన్నాడు. ఆయన వెళ్ళాక తలుపు వేసి పట్టుపంచె బయటికి తీశాడు. మార్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.

మత్తయి పెట్టిన పిన్నీసు విప్పబోయాడు. వేళ్ళు ఆగిపోయాయి. వసారా దాటేవాళ్ళం కాదు అన్న మాట చెవిలోనే ఉంది. ఈ పంచె దారిలో పరువు కాపాడటానికి పనికొచ్చి, పీట దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోతుందా? శాస్త్రం ప్రకారం చూసినా ఇది తడి బట్ట, మడి బట్టే. మరి విప్పడం ఎందుకు? సమాధానం అతనికి తెలుసు. అది తెలియడమే బాగోలేదు. బయట ఎవరో తలుపు తట్టారు.

పట్టుపంచె మడిచి సంచిలో పెట్టేశాడు. పుస్తకం తీసుకుని బయటికి నడిచాడు.

గౌరీపూజ బాగానే సాగింది. మహాసంకల్పం మొదలుపెట్టి తల ఎత్తాడు. పందిట్లో ఎటు చూసినా ఫోన్లు ఎత్తి పట్టుకున్న చేతులే. పెళ్ళివీడియో తీస్తున్నారా, లేక ఎక్కడి నుంచో వచ్చిన ఇంకో వీడియో చూస్తున్నారా? స్తంభం దగ్గర ఏడుకొండలు నలుగురిని పోగేసి చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. వాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళలో ఒకాయన ఇటు తిరిగి శ్రీరామచంద్రనే చూశాడు.

మంత్రం ఆగిపోయింది. తరవాతి మాట తెలియలేదు. బస్సులో మూడుసార్లు తప్పిన చోటే. సన్నాయి ఆయన అతని వైపు చూశాడు. పెళ్ళికూతురు హర్షిణి తల ఎత్తింది. తడబడితే ఆగు అన్నారు నాన్నగారు. ఆగాడు. పుస్తకం తెరిచాడు, వేలు పెట్టి ఆ వరస చూసుకున్నాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడి నుంచి మాటలు వాటంతట అవే వచ్చాయి. సరిగ్గా పది గంటల యాభై రెండుకి జీలకర్ర బెల్లం పెట్టించాడు. ఫాన్ల గాలికి పంచె ఎప్పుడు ఆరిందో కూడా అతనికి తెలియలేదు.

తలంబ్రాలప్పుడు పెళ్ళికొడుకు స్నేహితులు రెండు వైపుల నుంచీ పోటీలు పడి గుప్పించారు. పసుపు బియ్యం శ్రీరామచంద్ర ఒళ్ళో కూడా పడ్డాయి. కిందికి చూసుకుంటే తెల్లటి పంచె మీద, జరీ అంచుకి జానెడు పైన, పసుపు మరకలు. మత్తయి గారికి ఇది కావాల్సింది శనివారం. ఇవాళ సోమవారం.

*

భోజనాలయ్యాక కారులో పంపిస్తామన్నారు. ఏడుకొండలు దిగబెట్టడానికి వచ్చాడు. కారు ఎక్కబోతూ శ్రీరామచంద్ర ఉండబట్టలేక అడిగేశాడు. "స్తంభం దగ్గర నవ్వుకున్నారు కదండీ. నా సంగతేనా?"

"మీ సంగతా?" ఏడుకొండలు మొహం చిన్నబోయింది. మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "నా పెళ్ళిలో నేనే తాళి జేబులో పెట్టుకుని ఊరంతా వెతికించానండి. అది చెప్పాను. మాటిచ్చాక ఎందుకంటానండీ? పైగా చైను కవరు లేకపోవడం నా తప్పు."

శ్రీరామచంద్ర ఆయనకి నమస్కారం పెట్టాడు.

చెరువు దగ్గర కారు ఆపించాడు. రేకుల ఇంటి ముందు తాడు మీద అతని పాత పంచె ఆరుతోంది. కిరోసిన్ పెట్టి ఉతికినట్టుంది, గ్రీజు సగం పోయింది. చినుగులు మాత్రం అలాగే ఉన్నాయి.

"పెళ్ళి బాగా జరిగిందా బాబుగారూ? పిల్ల ఏడ్చిందా?" అంది దానమ్మ గుమ్మంలోంచి.

"అప్పగింతల్లో ఏడ్చిందమ్మా. వాళ్ళ నాన్న ఇంకా ఎక్కువ ఏడ్చారు."

మత్తయి తల వంచుకున్నాడు. ఆయనకి శనివారం గుర్తొచ్చినట్టుంది.

శ్రీరామచంద్ర మరకలు చూపించాడు. "కొత్తది కొని ఇస్తానమ్మా. నాదే తప్పు."

"కొత్తదెందుకండీ? ఇది మేం ముగ్గురం వెళ్ళి ఏరుకున్నాం. పసుపు సబ్బుకి లొంగదు గానీ ఎండకి లొంగుతుంది. ఉతికి రెండు రోజులు ఎర్రటి ఎండలో వేస్తే వెలిసిపోతుంది." ఆవిడ ఏదో గుర్తొచ్చినట్టు దగ్గరికి వచ్చింది. "ఆ వీడియో సంగతి అడిగారు కదా. భోజనాల వేళకి షెడ్డుకి పోయాను. ఆ పిల్ల తీసింది, నిజమే. ఎవరికీ పంపలేదు. నా ఎదురుగా తీసేయించాను. చెరిపాక ఏడ్చిందండి, మీకు క్షమించమని చెప్పమంది."

అతను ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదిలినట్టయింది. క్రిస్టినా కొబ్బరిబోండాం కొట్టి తెచ్చింది. తాగాడు. కారులో పెట్టిన సంచి తెచ్చి, లోపలి గదిలోకి వెళ్ళి పట్టుపంచె కట్టుకుని, వాళ్ళ పంచెనీ కండువానీ మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాడు.

ఏలూరు వెళ్ళే బస్సులో కూర్చున్నాక అసలు భయం మొదలైంది. నాన్నగారికి చెప్పకపోతే ఎవరూ చెప్పరు. అది తెలిసీ ఫోన్ తీసి అంతా రాశాడు, చైను దగ్గర్నుంచి తలంబ్రాల దాకా. గదిలో పట్టుపంచె తీసి మళ్ళీ పెట్టేసిన సంగతి కూడా రాశాడు. పంపించి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రెండు నీలం గీతలు పడి ఉన్నాయి. నాన్నగారు చదివారు. జవాబు లేదు. కొల్లేరు వచ్చింది, వెళ్ళింది. జవాబు లేదు.

ఏలూరు పొలిమేరలో మెసేజి వచ్చింది.

"తడిపి కట్టావా?"

"తడిపే కట్టాను నాన్నగారూ. ఆవిడే చెప్పారు, ఆవిడే నీళ్ళు పోశారు."

చాలాసేపు టైపు చేస్తున్నట్టు కనపడింది. ఆగింది. మళ్ళీ మొదలైంది. చివరికి వచ్చింది చిన్నదే.

"చాకలికి వెయ్యకు. నువ్వే ఉతుకు. ఎండ పోకముందు ఆరెయ్యి."

*

ఆ పంచెని శ్రీరామచంద్ర మూడు రోజులు ఉతికాడు. డాబా మీద ఆరేసి, ఎండ జరిగినప్పుడల్లా తాడు మీద జరిపాడు. శర్మ గారు రెండుసార్లు మెట్లెక్కి వచ్చి చూశారు. మాట్లాడకూడదు కనుక ఏమీ అనలేదు. గురువారం సాయంత్రానికి మరక వెతికితే తప్ప కనపడలేదు. శుక్రవారం పొద్దున్నే ఇస్త్రీ చేయించి బయల్దేరాడు.

రేకుల ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. దానమ్మ పంచెని వెలుగులోకి పట్టి అటూ ఇటూ తిప్పి, "అమ్మయ్య" అంది. మత్తయి మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని ఇబ్బందిగా నిలబడ్డాడు.

"ఏంటండీ, ఇంకా కనపడుతోందా?" శ్రీరామచంద్రకి కంగారొచ్చింది.

"అది కాదు బాబూ." పెద్దాయన గొంతు తగ్గించాడు. "నాకు లుంగీ తప్ప అలవాటు లేదు. రేపు పిల్ల చెయ్యి పట్టుకుని చర్చిలో ఆ చివర్నుంచి ఈ చివరికి నడవాలట. అందరూ చూస్తుంటారు. మధ్యలో ఊడితే? రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. ఈవిడతో కూడా అనలేదు."

శ్రీరామచంద్ర నవ్వలేదు. సంచి పక్కన పెట్టి, ఆయన ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. లుంగీ మీదే పంచె చుట్టి, నడుము దగ్గర ముడి ఎంత బిగువుగా ఉండాలో, కుచ్చిళ్ళు ఎన్ని పెట్టాలో, చెంగు ఎక్కడ దోపాలో చూపించాడు. విప్పి ఆయన చేత కట్టించాడు. రెండోసారి కూడా వదులైంది. మూడోసారి నిలిచింది.

"ఇప్పుడు నడవండి" అన్నాడు.

మత్తయి గట్టు మీద ఆ చివరి దాకా నడిచాడు. చేయి కాస్త వంచి, పక్కన కూతురు ఉన్నట్టే. ఏరియేటర్ దగ్గర తిరిగి, కింద చూసుకుంటూ వచ్చాడు.

"కింద చూడకండి, అది ఊడదు. ఎదరకి చూస్తూ ఇంకోసారి" అన్నాడు శ్రీరామచంద్ర.